ఫ్యాక్టరీలో ప్రాణ రక్షణకు చట్టం: కార్మికుడు దాన్ని ఎలా వాడుకోవాలి

పటాన్‌చెరు, పాశమైలారం, జీడిమెట్ల, పరవాడ, అచ్యుతాపురం. పేపర్లో ఈ ఊళ్ల పేర్లు పెద్ద అక్షరాల్లో వచ్చాయంటే చాలాసార్లు అది ప్రమాద వార్తే. 2024 ఆగస్టు 21న అచ్యుతాపురం సెజ్‌లోని ఫార్మా కంపెనీలో జరిగిన పేలుడు 17 మందిని పొట్టన పెట్టుకుంది. 2025 జూన్ 30న పాశమైలారం పేలుడులో గల్లంతైనవాళ్లతో కలిపి 50 మందికి పైగా పోయారు. ఆ షిఫ్టులో లోపల ఎంతమంది ఉన్నారో తేల్చడానికే రోజులు పట్టింది. మన దగ్గర చట్టానికి కొదవ లేదు. అయితే అది మీకు పనికిరావాలంటే సరైన సమయంలో సరైన కాగితం మీ చేతిలో ఉండాలి. ఏ కాగితం, ఎప్పుడు, ఎవరి దగ్గర తీసుకోవాలో కింద వరసగా ఉంది.

ముందు, మీకు ఏ చట్టం వర్తిస్తుందో చూసుకోండి

2025 నవంబరు 21 నుంచి నాలుగు కార్మిక కోడ్‌లు అమల్లోకి వచ్చాయి. 1948 నాటి ఫ్యాక్టరీల చట్టం స్థానంలో వృత్తి భద్రత, ఆరోగ్యం, పని పరిస్థితుల కోడ్ వచ్చింది. ప్రమాద నష్టపరిహారం, ఈఎస్ఐ (కార్మిక రాజ్య బీమా) రెండూ సామాజిక భద్రత కోడ్‌లో చేరాయి. కొత్త నియమాలు పూర్తిగా వచ్చేదాకా, కోడ్‌కు విరుద్ధం కానంతవరకు పాత నియమాలే కొనసాగే ఏర్పాటు ఉంది. కాబట్టి మేనేజరు "పాత చట్టం పోయింది, ఇప్పుడవేం లేవు" అంటే నమ్మకండి.

కరెంటుతో నడిచేచోట 20 మంది, కరెంటు లేనిచోట 40 మంది పనిచేస్తుంటే అది ఫ్యాక్టరీ. పాత చట్టంలో ఈ లెక్క 10, 20 ఉండేది. ఇలా పెంచడం వల్ల చిన్న యూనిట్లు ఫ్యాక్టరీ లెక్కలోంచి జారిపోయాయి, ఇది కార్మికుడికి నష్టమే. అయినా 10 మంది ఉన్న ఏ సంస్థకైనా యజమాని మీద కోడ్ పెట్టిన సాధారణ బాధ్యతలు ఉంటాయి. కాంట్రాక్టు కూలీలు కూడా ఈ లెక్కలోకి వస్తారు. "మా రోల్స్‌లో ఎనిమిది మందే" అనే మాట చెల్లదు.

చేరిన వారంలోనే చేయాల్సిన పని

మీరు అక్కడ పనిచేస్తున్నారని రుజువు చేసే కాగితాలు ముందే పోగుచేసుకోండి. ప్రమాదం జరిగాక కంపెనీ అనే మొదటి మాట "ఆయన మా మనిషి కాదు, కాంట్రాక్టరు మనిషి" అని. కాంట్రాక్టరు ఫోను స్విచాఫ్ అవుతుంది.

అపాయింట్‌మెంట్ లెటర్ అడగండి. కోడ్ ప్రకారం ప్రతి ఉద్యోగికీ ఇవ్వాల్సిందే. తర్వాత 10 అంకెల ఈఎస్ఐ నంబరు, 12 అంకెల పీఎఫ్ యూఏఎన్ నంబరు తీసుకోండి. నెల జీతం 21,000 రూపాయల లోపు ఉండి, సంస్థలో 10 మంది ఉంటే ఈఎస్ఐ తప్పనిసరి. మీ జీతంలో 0.75 శాతం కోస్తారు, యజమాని 3.25 శాతం కడతాడు. పేస్లిప్‌లో కోత కనబడినంత మాత్రాన డబ్బు కట్టినట్టు కాదు. ఈఎస్ఐ పోర్టల్‌లో మీ నంబరుతో లాగిన్ అయి, నెలనెలా జమ అవుతోందో లేదో మీరే చూసుకోండి.

లెటర్ ఇవ్వకపోతే గేట్‌పాస్, కంపెనీ పేరున్న ఐడీ కార్డు, జీతం పడిన బ్యాంకు మెసేజ్‌లు, వాట్సాప్ షిఫ్ట్ గ్రూపులో మీ పేరు వచ్చిన మెసేజ్‌లు, కంపెనీ బస్సు పాస్, వీటన్నిటి ఫోటోలు తీసి ఇంట్లో ఒకరి ఫోనుకు పంపండి. మీ ఫోను ఒక్కదాంట్లోనే ఉంచుకోవద్దు. ప్లాంటులో మంట లేస్తే లాకర్‌లోని ఫోను కూడా పోతుంది.

పనిచేసే చోట ఏం చూడాలి

తిరిగే భాగం ఏదైనా, అంటే బెల్టు, గేరు, కప్లింగ్, షాఫ్ట్, దానికి గార్డు ఉండాలి. మెషిన్ తిరుగుతున్నంతసేపూ గార్డు దాని స్థానంలోనే ఉండాలి. జామ్ తీయడం సులువని గార్డు విప్పి పక్కన పెట్టేచోటే వేళ్లు పోతాయి. ప్రెస్‌లో రెండు చేతులతో నొక్కాల్సిన బటన్లలో ఒకదాన్ని టేపుతో అతికించి ఉంటే ఆ రోజే చెప్పండి. పాత ఫ్యాక్టరీల చట్టం ప్రకారం హాయిస్ట్, లిఫ్ట్‌లకు ఆర్నెల్లకోసారి, క్రేన్, చెయిన్, రోప్‌లకు ఏడాదికోసారి అర్హత ఉన్న వ్యక్తి పరీక్ష జరపాలి. ఆఖరి పరీక్ష తేదీ అడిగితే తప్పేమీ లేదు.

మీరు ముట్టుకునే ప్రతి కెమికల్‌కూ ఎంఎస్‌డీఎస్, అంటే దాని ప్రమాదాలు, జాగ్రత్తలు రాసిన పత్రం ఉంటుంది. అందులో మూడు చోట్లు చదివితే చాలు: పీలిస్తే ఏమవుతుంది, ఏ గ్లవ్, ఏ మాస్క్ వాడాలి, ఒంటిమీద పడితే మొదట ఏం చేయాలి. ఆరోగ్యానికి, భద్రతకు సంబంధించిన సమాచారాన్ని యజమాని నుంచి తెలుసుకునే హక్కు కార్మికుడికి ఉంది. అది ఇంగ్లిషులో ఉంటే తెలుగులో చెప్పమనండి. మీ పక్కన పనిచేసే ఒడిశా, బిహార్ కుర్రాళ్లకు తెలుగు రాదు కాబట్టి వాళ్లకు వాళ్ల భాషలో చెప్పమని కూడా మీరే అడగండి. వాళ్లు తప్పు వాల్వు తిప్పితే పోయేది అందరి ప్రాణం.

కొత్త కోడ్‌లో కార్మికుడికి మేలు చేసే మార్పు ఒకటుంది. 500 మంది ఉన్న ఫ్యాక్టరీలో సేఫ్టీ ఆఫీసర్ ఉండాలి. ప్రమాదకర ప్రక్రియలు నడిచేచోట 250 మందికే ఉండాలి. పాత చట్టంలో సాధారణ ఫ్యాక్టరీకి ఈ అంకె 1,000. ఆయన పేరు, నంబరు తెలుసుకుని పెట్టుకోండి.

రోజు పని ఎనిమిది గంటలు. ఆపైన చేస్తే రెట్టింపు జీతం, అదీ మీరు ఒప్పుకుంటేనే. ఇది డబ్బు విషయమే అనుకోకండి. వరసగా రెండు షిఫ్టులు చేసిన మనిషికి తెల్లవారుజామున టెంపరేచర్ రీడింగ్ కళ్లకు ఆనదు.

ట్యాంకులోకి, రియాక్టర్‌లోకి దిగమన్నప్పుడు

దీన్ని తీరిగ్గా చదవండి. మన ఫార్మా, కెమికల్ యూనిట్లలో, ఎఫ్లుయెంట్ (వ్యర్థజలాల) ట్యాంకుల్లో ఒకరి వెంట ఒకరు చనిపోయేది ఇక్కడే. మొదటివాడు పడిపోతాడు, కాపాడదామని రెండోవాడు దిగుతాడు, మూడోవాడూ దిగుతాడు.

రియాక్టర్‌లో, అంటే కెమికల్స్ కలిపి చర్య జరిపించే పెద్ద పాత్రలో, మంట పుట్టకుండా నైట్రోజన్ నింపుతారు. నైట్రోజన్‌కు వాసన లేదు, రంగు లేదు, ఘాటు లేదు. మామూలు గాలిలో ఆక్సిజన్ దాదాపు 21 శాతం ఉంటుంది. 19.5 కంటే తగ్గితే దిగకూడదు. 10 శాతం దగ్గరికి వస్తే మనిషి కేక వేసేలోపే స్పృహ తప్పుతాడు. క్యాట్రిడ్జ్ మాస్క్ ఇక్కడ ఎందుకూ కొరగాదు. అది విషవాయువును వడకడుతుంది గానీ లేని ఆక్సిజన్‌ను పుట్టించలేదు. "మాస్క్ ఉందిగా, దిగు" అని ఎవరైనా అంటే వాళ్లకు ఈ సంగతి తెలియదన్నమాట. సిలిండర్ నుంచో, బయటి ఎయిర్‌లైన్ నుంచో గాలి వచ్చే సెట్ కావాలి.

దిగేముందు ఈ వరసలో అడగండి.

1. రాతపూర్వక ఎంట్రీ పర్మిట్ చూపించమనండి. అందులో ఈరోజు తేదీ, టైము, ఎక్విప్‌మెంట్ నంబరు, అర్హుడైన వ్యక్తి సంతకం ఉండాలి. నిన్నటి పర్మిట్ పనికిరాదు. షిఫ్టు మారితే మళ్లీ పరీక్ష జరిపించమనండి.

2. పైపులన్నీ ఎలా మూశారో అడగండి. వాల్వు మూస్తే చాలదు, వాల్వులు లీకవుతాయి. లైను విప్పి ఉండాలి, లేదా ఫ్లాంజ్ మధ్య బ్లైండ్ ప్లేటు వేసి ఉండాలి. నైట్రోజన్ లైను, స్టీము లైను, సాల్వెంట్ లైను మూడింటినీ కంటితో చూడండి.

3. అజిటేటర్ (లోపల తిరిగి కలిపే యంత్రం) కరెంటు ఆపి, ప్యానెల్‌కు తాళం వేయించండి. ఆ తాళంచెవి మీ జేబులోనే ఉండాలి. తాళం వేశాక ఒకసారి స్టార్ట్ బటన్ నొక్కించి, తిరగడం లేదని చూడండి. తప్పు బ్రేకర్ ఆపితే బయటపడేది ఇక్కడే.

4. గ్యాస్ మీటరు రీడింగ్ పైన, మధ్యలో, అడుగున మూడుచోట్లా తీయించండి. హైడ్రోజన్ సల్ఫైడ్ గాలికంటే బరువు, అడుగున పేరుకుంటుంది. మ్యాన్‌హోల్ మూతి దగ్గర ఒక్కసారి చూసి "ఓకే" అంటే ఒప్పుకోవద్దు. హైడ్రోజన్ సల్ఫైడ్ ఎనిమిది గంటల పనికి అనుమతించిన పరిమితి 10 పీపీఎం, అంటే పది లక్షల పాళ్ల గాలిలో 10 పాళ్లు. మొదట కుళ్లిన గుడ్ల వాసన వస్తుంది, మోతాదు పెరిగితే ముక్కు మొద్దుబారి ఆ వాసనే తెలియదు. వాసన పోయిందని గ్యాస్ పోయిందనుకోవద్దు.

5. లోపలికి తీసుకెళ్లే లైటు 24 వోల్టులకు మించకూడదు. ఇది 1948 చట్టంలోనే ఉంది. మండే ఆవిరి ఉండే అవకాశం ఉంటే ఫ్లేమ్‌ప్రూఫ్ లైటే కావాలి.

6. ఒంటికి బెల్టు, దానికి తాడు, ఆ తాడు కొస పట్టుకుని మ్యాన్‌హోల్ దగ్గర ఒక మనిషి ఉండాలి. ఆ మనిషికి ఇంకో పని చెప్పకూడదు. మీరు పడిపోతే అతను లోపలికి దిగకూడదు. తాడు లాగాలి, కేక వేయాలి, గాలి సెట్ ఉన్నవాళ్లను పిలవాలి. ఈ మాట దిగేముందే ఇద్దరూ అనుకోండి.

వీటిలో ఒక్కటి లేకపోయినా "ఇది వచ్చాక దిగుతాను సార్" అనండి. గొడవ పెట్టుకోనక్కర్లేదు, అదే మాట మళ్లీ చెప్పండి చాలు.

ప్రమాదం ముంచుకొస్తోందనిపిస్తే

చట్టం ఇచ్చిన హక్కు ఎంతవరకో సరిగ్గా తెలుసుకోండి. ప్రాణాపాయం గానీ తీవ్ర గాయం గానీ తక్షణమే జరగవచ్చని సహేతుకమైన అనుమానం ఉంటే, యజమానికి గానీ ఇన్‌చార్జికి గానీ నేరుగా లేదా సేఫ్టీ కమిటీ సభ్యుడి ద్వారా చెప్పొచ్చు. అదే సమయంలో ఇన్‌స్పెక్టర్‌కూ చెప్పొచ్చు. కొత్త కోడ్‌లో ఈ అధికారిని ఇన్‌స్పెక్టర్ కమ్ ఫెసిలిటేటర్ అంటున్నారు. చెప్పగానే యజమాని సరిదిద్దే చర్య తీసుకుని ఇన్‌స్పెక్టర్‌కు రిపోర్టు పంపాలి. ప్రమాదం లేదని యజమాని అనుకుంటే విషయాన్ని ఇన్‌స్పెక్టర్‌కే నివేదించాలి, ఆయన నిర్ణయమే అంతిమం.

గమనించారా, "పని వదిలేసి ఇంటికి పొండి" అని చట్టం సూటిగా రాయలేదు. అందుకే గేటు దాటి వెళ్లిపోతే మీమీద గైర్హాజరు రాస్తారు. ప్రమాదం ఉన్న చోటు నుంచి దూరంగా జరగండి, ప్లాంటులోనే ఉండండి, ఇన్‌చార్జికి వాట్సాప్‌లో రెండు ముక్కలు రాయండి: "ఆర్ 104 రియాక్టర్ టెంపరేచర్ సెట్‌పాయింట్ దాటింది, కూలింగ్ రావడం లేదు. సరిచేసేవరకు దగ్గరికి వెళ్లలేను. వేరే పని ఇవ్వండి." టైముతో సహా అది రికార్డు అవుతుంది. ఫోను లోపలికి రానివ్వకపోతే షిఫ్ట్ లాగ్‌బుక్‌లో రాయండి, లేదా ఇంటర్‌కామ్‌లో చెప్పి ఎవరితో, ఎన్ని గంటలకు మాట్లాడారో బయటికి రాగానే రాసిపెట్టుకోండి.

టెంపరేచర్‌ను తేలిగ్గా తీసుకోవద్దు. 2020 మే 7న విశాఖ ఎల్జీ పాలిమర్స్ దుర్ఘటనలో స్టైరీన్ (ప్లాస్టిక్ తయారీకి వాడే ద్రవం) ట్యాంకులోనే వేడెక్కి, తనంతట తాను పాలిమర్‌గా మారే చర్య మొదలై, ఆవిరి ఊరి మీద పడింది. ఏమీ నడవని ప్లాంటు కూడా చంపగలదు.

ఫిర్యాదు ఎలా రాయాలి

"కంపెనీలో సేఫ్టీ లేదు, చర్య తీసుకోగలరు" అని రాస్తే ఆ కాగితం ఫైల్లోనే పడి ఉంటుంది. ఇన్‌స్పెక్టర్ నేరుగా వెళ్లి ఒక వస్తువు మీద వేలు పెట్టగలిగేలా రాయండి. ఇలా:

"ఫ్యాక్టరీల శాఖ అధికారి గారికి. ఫలానా కంపెనీ, ఫలానా పారిశ్రామికవాడ, ప్రొడక్షన్ బ్లాక్ 2, మొదటి అంతస్తు. సెంట్రిఫ్యూజ్ నంబరు 3 మూత ఇంటర్‌లాక్ గత నెల నుంచి పనిచేయడం లేదు. మూత తీసి ఉండగానే బాస్కెట్ తిరుగుతోంది. టోలుయిన్ తడి ఉన్న మెటీరియల్ దించుతుండగా నైట్రోజన్ ఇవ్వడం లేదు. బ్లాక్ వెనుక అత్యవసర ద్వారానికి రాత్రి షిఫ్టులో తాళం వేస్తున్నారు. తాళం సెక్యూరిటీ గది దగ్గర ఉంటుంది. రాత్రి షిఫ్టులో తనిఖీ చేయగలరు. ఫిర్యాదు చేసినవారి వివరాలు గోప్యంగా ఉంచగలరు."

ఆ చివరి వాక్యం మర్చిపోకండి. ఫిర్యాదు ఎవరు చేశారో ఇన్‌స్పెక్టర్ బయటపెట్టకూడదు, ఫిర్యాదు వల్లే తనిఖీకి వచ్చానని యాజమాన్యానికి చెప్పకూడదు అని 1948 చట్టంలోనే ఉంది. అయినా మీరొక్కరికే తెలిసిన సంగతి రాస్తే పేరు లేకున్నా దొరికిపోతారు. నలుగురికి తెలిసినదే రాయండి, వీలైతే యూనియన్ లెటర్‌హెడ్ మీద పంపించండి.

స్పీడ్ పోస్టులో పంపి రసీదు దాచుకోండి. కాపీ ఒకటి సోమవారం కలెక్టరేట్‌లో ఇవ్వండి. తెలంగాణలో ప్రజావాణి, ఆంధ్రప్రదేశ్‌లో ప్రజా సమస్యల పరిష్కార వేదిక, రెండూ సోమవారమే. అక్కడ నంబరు ఇస్తారు. నెల తర్వాత ఆ నంబరు వేసి, 10 రూపాయల ఫీజుతో సమాచార హక్కు దరఖాస్తు పెట్టండి: తనిఖీ చేశారా, ఏ తేదీన, ఏ లోపాలు రాశారు, ఏ నోటీసు ఇచ్చారు. 30 రోజుల్లో జవాబు రావాలి. ఈ దరఖాస్తు పెట్టడానికి కార్మికుడే కానక్కర్లేదు. బయట ఉన్న మీ బంధువు పేరుతో పెట్టించడం మేలు.

ప్రమాదం జరిగాక మొదటి రోజు

ఆస్పత్రిలో డాక్టరు అడిగే మొదటి ప్రశ్న "ఎలా తగిలింది?" పక్కనున్న సూపర్‌వైజర్ "బండి మీద నుంచి పడ్డాడు" అని చెప్పేస్తాడు. కేస్‌షీట్‌లో ఆ మాట పడితే తర్వాత తిప్పడం చాలా కష్టం. మీరైనా, మీవాళ్లైనా "ఫలానా కంపెనీలో, ఫలానా మెషిన్ మీద పనిచేస్తుండగా, ఇన్ని గంటలకు" అని చెప్పి అలాగే రాయించండి. మెడికో లీగల్ కేసుగా నమోదు చేయమనండి.

కంపెనీ ప్రమాద రిజిస్టర్‌లో మీ పేరు ఎక్కించాలి, ఈఎస్ఐకి ఫారం 12 ప్రమాద నివేదిక పంపాలి. దాని కాపీ అడగండి. మనిషి చనిపోయినా, గాయం వల్ల 48 గంటలకు మించి పనికి రాలేకపోయినా అధికారులకు నోటీసు ఇవ్వాలి. అందుకే కొన్నిచోట్ల కట్టుకట్టిన చేత్తోనే మర్నాడు పిలిపించి కుర్చీలో కూర్చోబెట్టి హాజరు వేస్తారు. వెళ్లకండి. డాక్టరు రాసిన విశ్రాంతి చీటీ కాపీ పంపి ఇంట్లో ఉండండి.

మరణమైతే పోలీసులకు రాతపూర్వకంగా ఫిర్యాదు ఇచ్చి ఎఫ్ఐఆర్ కాపీ ఉచితంగా తీసుకోండి. పోస్టుమార్టం తప్పనిసరిగా జరిపించండి. దుఃఖంలో ఉన్నప్పుడు తెల్లకాగితం మీద, రెవెన్యూ స్టాంపు మీద సంతకాలు అడుగుతారు. పెట్టకండి. ఒకవేళ పెట్టినా, కంపెనీ చేతికిచ్చిన సొమ్ముతో చట్టబద్ధమైన మరణ పరిహారం తీరిపోదు. ఆ పరిహారాన్ని అధికారి దగ్గర జమ చేయాల్సిందే, హక్కు వదులుకుంటున్నానని రాయించుకున్న ఒప్పందం చెల్లదు.

డబ్బు లెక్క

ఈఎస్ఐ ఉంటే పరిహారం ఈఎస్ఐ నుంచే వస్తుంది, యజమాని మీద విడిగా నష్టపరిహారం దావా వేయలేరు. పని గాయానికి ఇన్ని నెలలు చందా కట్టి ఉండాలన్న షరతు లేదు, చేరిన మొదటి రోజు తగిలినా వర్తిస్తుంది. కోలుకునేదాకా రోజు జీతంలో 90 శాతం ఇస్తారు. శాశ్వత వైకల్యానికి మెడికల్ బోర్డు శాతం నిర్ణయించి నెలనెలా ఇస్తుంది. చనిపోతే కుటుంబానికి పింఛను. టోల్‌ఫ్రీ 1800 11 2526. పీఎఫ్ సభ్యుడు చనిపోతే ఈడీఎల్ఐ బీమా కింద గరిష్ఠంగా 7 లక్షలు వేరుగా వస్తాయి. చాలా కుటుంబాలు దీన్ని అడగనే అడగవు.

ఈఎస్ఐ లేనివారికి యజమానే ఇవ్వాలి. సూత్రం ఇది: మరణానికి నెల జీతంలో సగం, పూర్తి శాశ్వత వైకల్యానికి 60 శాతం, దాన్ని వయసును బట్టి పట్టికలో ఉన్న అంకెతో గుణించాలి. 30 ఏళ్లకు ఆ అంకె 207.98, 40 ఏళ్లకు 184.17. జీతం ఎంతున్నా లెక్కకు 15,000 వరకే తీసుకుంటారు, ఈ పరిమితి 2020 జనవరిలో పెట్టినది. 30 ఏళ్ల మనిషి, జీతం 14,000 అనుకోండి. మరణానికి 7,000 ఇంటూ 207.98, అంటే 14,55,860 రూపాయలు. చూపుడు వేలు మొత్తం పోతే పట్టిక ప్రకారం 14 శాతం. 14,000లో 60 శాతం 8,400. 8,400 ఇంటూ 207.98 చేస్తే 17,47,032, అందులో 14 శాతం 2,44,584. "వేలికి యాభై వేలు ఇస్తాం" అన్నప్పుడు ఈ లెక్క కాగితం మీద వేసి చూపించండి. నెలలోపు చెల్లించకపోతే 12 శాతం వడ్డీ, సరైన కారణం లేకుండా ఆపితే అసలులో సగం దాకా జరిమానా కూడా పడొచ్చు.

"మాస్క్ పెట్టుకోలేదు, తప్పు అతనిదే" అన్న వాదన మరణం, పూర్తి శాశ్వత వైకల్యం కేసుల్లో చెల్లదు. మిగతా వాటిలోనూ కావాలని నిబంధన ఉల్లంఘించినట్టు యజమానే రుజువు చేయాలి. కంపెనీ బస్సులో డ్యూటీకి వస్తుండగా జరిగిన ప్రమాదమూ, డ్యూటీతో సంబంధం ఉందని తేలితే, కవరవుతుంది.

దావా రెండేళ్లలోపు వేయాలి. కార్మిక శాఖ అధికారి దగ్గర వేస్తారు. ప్రమాదం జరిగిన జిల్లాలోనే కాకుండా మీ కుటుంబం నివసించే ప్రాంతంలోనూ వేయొచ్చు. శ్రీకాకుళం నుంచి వచ్చి పటాన్‌చెరులో పనిచేసినవారి భార్య శ్రీకాకుళంలోనే వేసుకోవచ్చు. లాయరు ఫీజు గురించి భయపడకండి. పారిశ్రామిక కార్మికుడికి ఆదాయంతో నిమిత్తం లేకుండా ఉచిత న్యాయ సహాయం ఉంది. జిల్లా న్యాయ సేవాధికార సంస్థకు వెళ్లండి, లేదా 15100కు ఫోన్ చేయండి.

కోడ్ కింద నేరం రుజువై, యజమాని నిర్లక్ష్యం వల్ల కార్మికుడు చనిపోయినట్టు తేలితే రెండేళ్ల వరకు జైలు, కనీసం 5 లక్షల జరిమానా, లేదా రెండూ. ఆ జరిమానాలో సగానికి తగ్గకుండా బాధిత కుటుంబానికి ఇప్పించే అధికారం కోర్టుకు ఉంది. ఇది దానంతట అదే రాదు, మీ లాయరు అడగాలి.

నెమ్మదిగా వచ్చే జబ్బులు

రాతి పొడి, పలుగురాయి మరలు, ఫౌండ్రీ ఇసుక దగ్గర పనిచేసేవారికి సిలికోసిస్ ఏళ్ల తర్వాత బయటపడుతుంది. దగ్గు, ఆయాసం చూసి క్షయ మందులు ఇస్తారు, తగ్గదు. పనిచేసే చోటు, అక్కడున్న దుమ్ము, ఎన్నేళ్లు చేశారు, ఈ మూడూ డాక్టరుకు చెప్పండి. ఛాతీ ఎక్స్‌రేను వృత్తి వ్యాధుల కోణంలో చూడమనండి. ఈ జబ్బులు చట్టం షెడ్యూల్లో ఉన్నవి, ప్రమాదంలాగే పరిహారం వర్తిస్తుంది. 40 ఏళ్లు దాటినవారికి యజమాని ఏటా ఉచితంగా ఆరోగ్య పరీక్ష చేయించాలి. ఆ రిపోర్టు కాపీ, ఎక్స్‌రే ఫిల్ము ప్రతిసారీ మీరే తెచ్చుకోండి. చేరిన ఏడాది తీసిన శుభ్రమైన ఎక్స్‌రే మీ దగ్గర ఉంటే, జబ్బు ఇక్కడే వచ్చిందని చూపడం సులువవుతుంది.